తాళం వేసిన ఉర్దూ అల్మారా

పోయిన నవంబర్‌లో గ్రంథాలయ వారోత్సవాలప్పుడు మా ఊరి లైబ్రరీలో పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. మా చిన్న బిటియాను తీసుకుని వెళ్ళాను. నాలుగో తరగతి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందవు. తను రాస్తున్నంతసేపూ నాకేం పని లేక బాలల విభాగంలో తిరుగుతూ ఉన్నాను. గోడల మీద ఏనుగులు, కుందేళ్ళ బొమ్మలు వేశారు. తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలు పిల్లల చేతికందే ఎత్తులో సర్దారు. ఒక మూల, నోటీసు బోర్డు వెనక, ఇనుప అల్మారా ఒకటి ఉంది. అద్దం లోంచి ఉర్దూ అక్షరాలు కనబడ్డాయి. తాళం వేసి ఉంది.

లైబ్రేరియన్ మేడంను అడిగితే "అవి ఉర్దూవి సార్, ఎవరూ అడగరు" అన్నారు. పాపం, నా కోసం మూడు సొరుగులు వెతికారు. చివరికి తాళం చెవి స్టాంపు ప్యాడ్ కింద దొరికింది. తలుపు తీస్తే నా బచ్‌పన్ అంతా దుమ్ముతో సహా బయటికొచ్చింది. బైండు చేసిన 'ఖిలౌనా' పాత సంచికలు, 'నూర్' సంచికలు, ఇస్మాయిల్ మేరఠీ పిల్లల నజ్మ్‌లు, జాకిర్ హుస్సేన్ 'అబ్బూ ఖాన్ కీ బక్రీ'. లెక్కపెడితే 112. రిజిస్టర్ చూపించమన్నాను. అందులో 'ఉర్దూ పుస్తకం 1', 'ఉర్దూ పుస్తకం 2', 'ఉర్దూ పుస్తకం 3' అని వరసగా 112 దాకా రాసి ఉంది. పేర్లు లేవు. సిబ్బందిలో ఉర్దూ చదవడం ఎవరికీ రాదు. వాళ్ళ మీద గుస్సా రాలేదు నాకు. రాని భాషలో పేరు ఎలా రాస్తారు? పేరు లేని కితాబును పిల్లలు ఎలా అడుగుతారు?

నిజం చెప్పాలంటే ఆ అల్మారా తెరిచే ఉన్న రోజులు నాకు తెలుసు. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఆరో తరగతిలో ఉండగా మా అబ్బా సాయంత్రాలు అఖ్బార్ చదవడానికి ఇదే లైబ్రరీకి వస్తూ నన్నూ వెంట తెచ్చేవారు. ఆయన 'సియాసత్' పట్టుకుంటే గంట దాకా లేచేవారు కాదు. నేను ఉర్దూ పుస్తకాలు అయిపోగొట్టి, బొమ్మల కోసం 'చందమామ' తిప్పేవాణ్ని. భుజాన శవం వేసుకుని నడుస్తున్న రాజు బొమ్మ ప్రతి నెలా ఉండేది. ఆ రాజుకు ఏమైందో తెలియక ఉండబట్టలేక, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాను. ఒత్తు కనబడితే ఆగిపోయేవాణ్ని. 'బ్రహ్మరాక్షసుడు' అన్న మాట దగ్గర రెండు రోజులు ఆగాను. అప్పటి లైబ్రేరియన్ సార్ కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఆ మాటను మూడు ముక్కలు చేసి చదివి చూపించారు. తర్వాత నేను డిగ్రీలో తెలుగు తీసుకుంటే మొహల్లాలో నవ్వినవాళ్ళున్నారు. అదంతా ఆ రాక్షసుడి మెహర్బానీ.

ఆ అల్మారా దగ్గర నిలబడినప్పటి నుంచి ఒక ఫికర్ పట్టుకుంది. ఉర్దూలో పిల్లల కోసం ఇంత అదబ్ ఉంది, ఊరూరా లైబ్రరీ ఉంది. మరి ఈ రెండూ ఎక్కడ విడిపోయాయి?

మన ఇళ్ళల్లో పిల్లల పుస్తకం నిన్నమొన్నటిది కాదు. మీర్జా గాలిబ్ పేరు చెబితే షరాబు, షాయరీ గుర్తొస్తాయి గానీ ఆయన పిల్లల కోసం 'ఖాదిర్ నామా' అని ఒక చిన్న కితాబు రాశారు. గాలిబ్‌కు ఏడుగురు పిల్లలు పుట్టి ఒక్కరూ దక్కలేదు. భార్య అక్కచెల్లెళ్ళ సంతానమైన ఆరిఫ్‌ను కొడుకులా చూసుకున్నారు. ఆరిఫ్ కూడా చిన్న వయసులోనే పోయాడు. అతని ఇద్దరు కొడుకులను గాలిబ్ తన ఇంటికి తెచ్చుకున్నారు. ఆ పిల్లలకు ఫార్సీ, అరబీ మాటలు నేర్పడానికి అల్లిన పద్యాలే ఖాదిర్ నామా. ఒక మాట, దాని అర్థం, మళ్ళీ ఇంకో మాట. వీధిబడిలో తెలుగు పిల్లల చేత అమరకోశం వల్లె వేయించినట్టే అనుకోండి, కాకపోతే పంతులు గారు మీర్జా గాలిబ్.

డిప్టీ నజీర్ అహ్మద్ గారిదీ అలాంటి కథే. కూతుళ్ళకు చదవడానికి తగిన పుస్తకాలు దొరక్క తానే రాయడం మొదలుపెట్టారు. రోజూ కొన్ని పేజీలు రాస్తుంటే ఇంట్లో ఆడపిల్లలు తర్వాతి పేజీల కోసం కాచుకుని ఉండేవారట. అలా తయారైంది 1869 నాటి 'మిరాతుల్ ఉరూస్'. ప్రభుత్వం దానికి వెయ్యి రూపాయల ఇనాం ఇచ్చింది. ఈ నజీర్ అహ్మదే తర్వాత సాలార్ జంగ్ పిలుపు మీద హైదరాబాద్ వచ్చి నిజాం కొలువులో పనిచేశారు. 1909లో లాహోర్ నుంచి 'ఫూల్' అనే పిల్లల వారపత్రిక వచ్చింది. దాని మొదటి ఎడిటర్ ఒక యువతి, నజర్ సజ్జాద్ హైదర్. ఖుర్రతుల్ ఐన్ హైదర్‌కు అమ్మీ. 1926 నుంచి జామియా మిల్లియా వారి 'పయామె తాలీం'. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో ఢిల్లీ నుంచి 'ఖిలౌనా'. అందులో కృష్ణ చందర్, ఇస్మత్ చుగ్తాయ్ అంతటివాళ్ళు పిల్లల కోసం రాశారు.

జాకిర్ హుస్సేన్ సాహెబ్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. హైదరాబాద్‌లో 1897లో పుట్టి, రాష్ట్రపతి దాకా వెళ్ళిన మనిషి. 'అబ్బూ ఖాన్ కీ బక్రీ' ఆయన రాసిందే. మూలం ఒక ఫ్రెంచి కథ. దాన్ని ఆయన మన కొండల్లోకి, మన మేకల దొడ్లోకి ఎంత బాగా తెచ్చారంటే, చదివినవాడెవడూ అది పరాయి కథ అనుకోడు. పిల్లల కథలు ఆయన తన పేరుతో అచ్చేయలేదు. రుఖయ్యా రెహానా అనే పేరుతో వేశారు. చిన్నప్పుడే చనిపోయిన తన కూతురి పేరు అది. ఈ సంగతి నాకు తెలిసింది డిగ్రీ అయ్యాక. అప్పుడు మళ్ళీ ఆ కథ తీస్తే, తోడేలుతో రాత్రంతా పోరాడే ఆ చిన్న మేకను మునుపటిలా చదవలేకపోయాను.

గాలిబ్ తన ఇంటి పిల్లలకు రాశారు. నజీర్ అహ్మద్ తన కూతుళ్ళకు రాశారు. జాకిర్ సాహెబ్ పోయిన బిడ్డ పేరు పెట్టుకుని రాశారు. అంతా ఘర్ లోపలి మొహబ్బత్. పత్రికైతే చందా కట్టగలిగిన ఇంటికే వచ్చేది. కట్టలేని ఇంటి పిల్లాడి సంగతేమిటి? బీడీలు చుట్టే అమ్మ పిల్లలకు, టైలరు కొట్లో కాజాలు కుట్టే కుర్రాడికి ఆ కితాబు అందాలంటే వీధిలో అందరికీ తెరిచిన గది ఒకటి కావాలి.

మన దగ్గర ఆ గది మొదట పెద్దవాళ్ళ కోసం తెరుచుకుంది. హైదరాబాద్‌లో 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ పూనికతో కుతుబ్‌ఖానా ఆసఫియా మొదలైంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జమానా అది. అరబీ, ఫార్సీ చేతిరాత ప్రతులకు పేరుపొందింది. 1936లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ భవనానికి మారింది. ఈనాటికీ దాని మెట్లు ఎక్కుతుంటే మనసు అదబుగా మారిపోతుంది. అయితే ఆలింలు, పరిశోధకులు వచ్చే చోటు అది. 1901లో అదే నగరంలో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా పెట్టిన దీపం అది. తెలుగు చదువుకోవడానికి చోటే కరువైన రోజుల్లో అదొక పెద్ద పోరాటం. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి శ్రమతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రథమ సభ జరిగింది. 1930లలో కృష్ణా డెల్టా కాలువల మీద పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు తిప్పారు. గొప్ప కాలం. కానీ ఆ తలుపు ముందు నిలబడ్డవాడు జాతీయోద్యమంలోకి అడుగుపెడుతున్న యువకుడు. పిల్లాడు అప్పటికింకా బయటే ఉన్నాడు. తెలుగులో పిల్లలకంటూ 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల 'బాల', 1947లో 'చందమామ' వచ్చాకే లైబ్రరీ బల్ల మీద వాళ్ళ వాటా కనబడింది.

ఇది మన ఒక్కరి లోటు కాదు. 19వ శతాబ్దంలో అమెరికాలోనూ చాలా లైబ్రరీలు పన్నెండు, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను లోపలికి రానిచ్చేవి కావు. పిల్లలు అల్లరి చేస్తారు, పుస్తకం పాడు చేస్తారు అనే మాట ఏ దేశంలోనైనా ఒకటే. దాన్ని మార్చినవాళ్ళలో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ బాలల విభాగం పెద్ద ఆన్ కారోల్ మూర్ ఒకరు. 1906లో ఆమె ఆ పని చేపట్టారు. పిల్లల గదుల్లో 'నిశ్శబ్దం' అనే బోర్డులు తీయించారు. పుస్తకం ఇంటికి తీసుకుపోవడానికి పిల్లలు ఒక పెద్ద రిజిస్టర్‌లో తమ చేత్తో సంతకం పెట్టాలి, జాగ్రత్తగా చూసుకుంటామని మాట ఇవ్వాలి. పిల్లాడి మాటకు ఇజ్జత్ ఇచ్చారన్నమాట. మనం ఇంట్లో కూడా ఇవ్వం.

నేను ఆ ఊరి కథ ఎత్తుకున్నది మాత్రం ఇంకొక ఆమె కోసం. పురా బెల్‌ప్రే. కరీబియన్ సముద్రంలోని పోర్టోరికో దీవిలో పుట్టి, అక్క పెళ్ళికని న్యూయార్క్ వచ్చి అక్కడే ఉండిపోయింది. 1921లో హార్లెం పేటలోని 135వ వీధి శాఖలో ఆమెకు ఉద్యోగమిచ్చారు. ఆ పేటలోకి పోర్టోరికో కుటుంబాలు వలస వస్తున్నాయి. ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు. అక్కడి లైబ్రేరియన్ ఎర్నెస్టిన్ రోజ్‌కు ఆ ఇళ్ళతో మాట్లాడగలిగే మనిషి కావాలి. న్యూయార్క్ లైబ్రరీలో కొలువు చేసిన మొదటి పోర్టోరికో మనిషి ఆమే.

బెల్‌ప్రే అల్మారాలన్నీ వెతికింది. దేశదేశాల జానపద కథలున్నాయి. తమ దీవి కథ ఒక్కటీ లేదు. తన నానీ చెప్పిన కథలు ఆమెకు బాగా గుర్తున్నాయి. కానీ అచ్చయిన పుస్తకంలో ఉన్న కథనే పిల్లలకు చెప్పాలని లైబ్రరీ ఖాయిదా! అచ్చులో లేని భాషవాళ్ళ గతేమిటి? 1926లో లైబ్రరీ చదువు చదువుతున్నప్పుడు నానీ కథను కాగితం మీద పెట్టింది. మార్టీనా అనే బొద్దింక, పెరెజ్ అనే ఎలుక కథ అది. పెరెజ్ రుచి చూడబోయి, మార్టీనా పండుగకు వండుతున్న బియ్యం పాయసం గిన్నెలో పడిపోతాడు. ఆ రాతప్రతిని చూపించి కథ చెప్పడానికి ఇజాజత్ సంపాదించింది. 1932లో అది పుస్తకంగా అచ్చయింది.

1929లో ఆమెను 115వ వీధి శాఖకు మార్చారు. కథలు రెండు భాషల్లోనూ చెప్పేది. చేత్తో ఆడించే బొమ్మలు తానే తయారు చేసుకుంది. చర్చీలకు, సంఘాల ఆఫీసులకు, తల్లులు కలిసే చోట్లకు వెళ్ళి పిలిచేది. ప్రతి జనవరి 6న వాళ్ళ ఇళ్ళల్లో జరుపుకునే ముగ్గురు రాజుల పండుగను లైబ్రరీలోనే జరిపించింది. మన ఊళ్ళో లైబ్రరీ హాల్లో ఈద్ మిలాప్ పెట్టి, పిల్లలకు సేమ్యా తినిపించి, కథ చెప్పి, చేతిలో పుస్తకం పెట్టి పంపినట్టు. స్పానిష్ తప్ప రాని తల్లులు మొదట ఆ మెట్లెక్కింది వాళ్ళ పిల్లల చెయ్యి పట్టుకుని. 1943లో పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసి, 1960లో భర్త పోయాక మళ్ళీ అదే పనిలోకి వచ్చింది. 1982లో కన్నుమూసింది. 1996 నుంచి ఆమె పేరున పిల్లల సాహిత్యానికి అవార్డు ఇస్తున్నారు.

మన దేశంలో ఇలాంటి తలుపు ఎక్కడా తెరుచుకోలేదా అంటే, తెరుచుకుంది. పురానీ దిల్లీలో రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే. యునెస్కో, భారత ప్రభుత్వం కలిసి పెట్టిన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీని 1951 అక్టోబర్ 27న నెహ్రూ ప్రారంభించారు. అప్పటి విద్యామంత్రి మౌలానా ఆజాద్. రుసుం లేదు. హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు మూడు భాషల పుస్తకాలు. పిల్లలకు మొదటి నుంచే వేరే విభాగం, అందులో కథలు చెప్పడం, నాటకాలు వేయించడం. 1953 నుంచి పుస్తకాల బస్సు. బట్వారా జరిగి అప్పటికి నాలుగేళ్ళే. ఆ గల్లీల్లోంచి ఎన్నో కుటుంబాలు వెళ్ళిపోయాయి, ఎన్నో శరణార్థి కుటుంబాలు వచ్చాయి. పంజాబ్ నుంచి వచ్చిన హిందూ, సిక్కు పెద్దల్లో చాలామంది చదివింది ఉర్దూలోనే. అలాంటి చోట ఉర్దూ పుస్తకాలను వేరే మతం వాళ్ళ సామానులా మూల పడేయకుండా అన్నిటితో కలిపి పెట్టారు. మౌలానా కూడా లైబ్రరీ పిచ్చి ఉన్నవారే. పన్నెండేళ్ళు నిండకముందే ఒక చిన్న లైబ్రరీ, చదివే గది నడిపారని చెప్తారు. 1903లో, పదిహేనేళ్ళకే, 'లిసానుస్ సిద్ఖ్' పత్రిక తీశారు.

మన వైపు 1955లో హైదరాబాద్ గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆసఫియా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. 1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఒకే చట్టం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని కడుతున్నాం కదా, ఆ చట్టం కిందే. మీ రసీదు తీసి చూడండి. అంటే ఆ అల్మారాలో మన పైసలూ ఉన్నాయి. 1968 నుంచి నవంబర్ 14న మొదలుపెట్టి వారం రోజులు గ్రంథాలయ వారోత్సవాలు. మద్రాసులో 1919 నవంబర్‌లో జరిగిన అఖిల భారత గ్రంథాలయ సభకు గుర్తుగా ఆ తేదీ. అదే రోజు బాలల దినోత్సవం కూడా కావడం వల్ల, మైకు ముందు పెద్దలు మాట్లాడినా బహుమతులు పిల్లలకే వెళ్తాయి. ఎండాకాలం సెలవుల్లో కథలు, బొమ్మలు, చదరంగం నేర్పే శిబిరాలు నడుపుతారు. మొన్నటి పోటీలో 60 మంది పిల్లలుంటే మనవాళ్ళు నలుగురే. మా మొహల్లా నుంచి లైబ్రరీకి నడిచి ఏడు నిమిషాలు.

'ఎవరూ అడగరు' అని మేడం అన్న మాట నన్ను ఎందుకు గుచ్చిందో చెప్పాలి. అది అబద్ధమైతే కోపం వచ్చేది. నిజం కాబట్టి గుచ్చింది. నేనే ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఇంకో సంగతి చెప్పడానికి షరమ్‌గా ఉంది. ఆ రోజు 'ఖిలౌనా' తీసి బిటియా చేతిలో పెట్టాను. తిరగేసి, మరగేసి చూసి "ఇది ఎటునుంచి మొదలవుతుంది అబ్బూ?" అంది. ఇంట్లో ఉర్దూలో గలగలా మాట్లాడే పిల్ల. ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు చదువుతుంది. మాదరీ జబాన్ ఒక్కటి చదవలేదు. ఇంగ్లీషు మీడియంలో వేసింది నేనే. అల్మారాకు తాళం వేసింది లైబ్రరీ వాళ్ళొక్కరే కాదు.

మేడంతో మాట్లాడాను. ఆమె వెంటనే ఒప్పుకున్నారు. "ఆదివారం రండి సార్, పిల్లలు ఎక్కువ ఉంటారు" అన్నారు. మా అమ్మీని కథ చెప్పమంటే మొదట "నక్కో, నాకు సిగ్గు" అంది. తర్వాత ఇస్త్రీ చీర కట్టుకుని, పైన బురఖా వేసుకుని, అందరికంటే ముందు ఆటోలో కూర్చుంది. పదకొండు మంది పిల్లలు. అందులో మనవాళ్ళు నలుగురు. చిడియా బియ్యం గింజ తెస్తుంది, చిడా పప్పు గింజ తెస్తాడు, ఇద్దరూ కలిసి ఖిచిడీ వండుతారు. ఆ కథ మీ అందరికీ తెలుసు. అమ్మీ దక్కనీలో చెబుతుంటే బిటియా పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. చిడా మొత్తం తినేసి కళ్ళు మూసుకుని నిద్ర నటించే చోట అందరూ ఒకేసారి నవ్వారు. ఎక్కడి హార్లెం, ఎక్కడి మా ఊరు, రెండు చోట్లా నానీ కథలో బియ్యం గిన్నే ఉంది.

కథ అయ్యాక ఒక తెలుగు పాప వచ్చి, అల్మారాలోంచి పిల్లి బొమ్మ అట్ట ఉన్న పుస్తకం కావాలంది. చదవడానికి కాదు, బొమ్మలు చూడ్డానికి. మేడం రిజిస్టర్ తీసి 'ఉర్దూ పుస్తకం 37' అని రాయబోయి ఆగారు. "దీని పేరేంటి సార్?" అన్నారు. చెప్పాను. కొట్టేసి పేరు రాశారు.

అప్పటి నుంచి ఆదివారాలు పది నుంచి పన్నెండు దాకా ఆ గదిలోనే ఉంటున్నాం. నేను ఒక్కో పుస్తకం పేరు, రాసినవారి పేరు తెలుగు అక్షరాల్లో చీటీ మీద రాసి, కింద ఉర్దూలోనూ రాస్తున్నాను. బిటియా గమ్ము పూసి అంటిస్తోంది. ఉర్దూ పేరు ఏ వైపు నుంచి చదవాలో ఇప్పుడు తనే మిగతా పిల్లలకు చెబుతోంది. నిన్నటికి 41 అయ్యాయి, ఇంకా 71 ఉన్నాయి. వాటిలో ఆరింటికి అట్టలూ మొదటి పేజీలూ లేవు, పేరు పోల్చుకోలేకపోతున్నాను. ఒకటి దర్జీ కొడుకు పతంగు కథతో మొదలవుతుంది. ఇంకోదాంట్లో గుడ్డి ఒంటెను మేలాకు తీసుకుపోయే ముసలాయన ఉన్నాడు. మీ ఇంట్లో దాదీనో నానానో చిన్నప్పుడు ఇవి చదివి ఉంటే ఒకసారి అడిగి, పేర్లు నాకు చెప్పండి.